పిడుదు కాటు, నెత్తుటి సాక్ష్యం

నా దగ్గర ఒక పాత కాగితాల దొంతర ఉంది. అందులో మూడు రక్తపరీక్షల నివేదికలున్నాయి. మూడూ మా నాన్నగారివే. మొదటిది 2007 జూలై నాటిది, "లేదు" అంటుంది. రెండవది అదే ఏడాది ఆగస్టు నాటిది, "ఉంది" అంటుంది. మూడవది 2010 నాటిది. అదీ "ఉంది" అనే అంటుంది. మొదటిదాన్ని నమ్మి నష్టపోయాము. మూడవదాన్ని నమ్మబోయి ఆగిపోయాము. రెండవది నిజమే చెప్పింది గాని, అది చెప్పేసరికి ఆ నిజం మా నాన్నగారి ముఖం మీదనే కనిపిస్తోంది.

ఈ మూడు కాగితాల వెనుక ఉన్న చరిత్ర ఏమిటో తెలుసుకోవాలని ఆనాటి నుంచి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. చదివినదాన్ని ఒకచోట పెడదామని ఈ టపా. నేను వైద్యుణ్ణి కాను, సాఫ్ట్‌వేరు పని చేసుకు బతికేవాణ్ణి. కనుక దీన్ని వైద్యసలహాగా కాక చరిత్రగా చదవమని మనవి.

మేము అప్పట్లో కనెక్టికట్‌లో ఉండేవాళ్ళం. ఇంటి వెనుక కాస్త పెరడు, దాని వెనుక అడవి. నాన్నగారు తెనాలి దగ్గర జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు పండితులుగా చేసి విరమించారు. అమ్మతో కలిసి ఆ వేసవికి మా దగ్గరికి వచ్చారు. వచ్చిన వారం రోజులకే పెరట్లో గోంగూర, బీరపాదు వేశారు. సాయంత్రాలు జింకలు అడవి అంచు దాకా వచ్చి నిలబడేవి. నాన్నగారికి అవి కణ్వాశ్రమంలోని జింకలే. నేను కంచె వేస్తానంటే వద్దన్నారు.

జూన్ చివర ఆయన మోకాలి వెనుక ఒక మచ్చ కనిపించింది. మా ఒంటి రంగు మీద అది ఎరుపుగా కాదు, కమిలిన దెబ్బలా కనిపించింది. ఎక్కడో తగిలి ఉంటుందన్నారు. నాలుగు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు. దగ్గరలోని క్లినిక్కుకి తీసుకువెళితే రక్తం తీసి, రెండు రోజుల తరువాత ఫోను చేసి, లైమ్ లేదని చెప్పారు. కాగితం కూడా పంపారు. యాత్రికుల ఇన్సూరెన్సు వాళ్ళకు చూపించాలి కదా అని దాన్ని భద్రంగా దాచాను. నాలుగు వారాలు గడిచాక ఒక ఉదయం ఆయన కాఫీ తాగుతుంటే అది పెదవి మూల నుంచి కారిపోయింది. కుడికన్ను మూతపడటం లేదు. పక్షవాతమేమోనని అమ్మ గుండె జారిపోయింది.

ఆ రోజు చూసిన పెద్దావిడ డాక్టరు ముందు కాగితం అడగలేదు. ఇల్లెక్కడ, పెరడుందా, జింకలొస్తాయా, ఒంటి మీద మచ్చేమైనా వచ్చిందా అని అడిగింది. మచ్చ ఎలా ఉందో నాన్నగారు వర్ణించబోతే ఆవిడే కాగితం మీద బొమ్మ గీసి "ఇలా పెరిగిందా?" అంది. పెరిగింది. నేను ఆ మొదటి నివేదిక తీసి చూపించాను. ఆవిడ దాని మీద తేదీ మాత్రం చూసి పక్కన పెట్టింది.

ఎందుకు పక్కన పెట్టిందో తెలుసుకోవాలంటే అరవై మైళ్ళు కూడా వెళ్ళనక్కర లేదు. లైమ్ అన్నది ఆ రాష్ట్రంలోనే, కనెక్టికట్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఒక చిన్న ఊరి పేరు. (నిమ్మపండుకీ సున్నానికీ దీనితో సంబంధం లేదు. మా బంధువులొకరు సున్నం వల్ల వచ్చే జబ్బు అనుకున్నారు.) అక్కడ పాలీ మరే అనే చిత్రకారిణి ఉండేది. ఆమెకీ, భర్తకీ, పిల్లలకీ ఏళ్ళ తరబడి అంతుపట్టని బాధలు: మచ్చలు, కీళ్ళవాపులు, తలనొప్పులు. వైద్యులకు అర్థం కాలేదు. కొందరు ఆమెకు మనోవ్యాధి అన్నారు. ఆమె మాత్రం ఎవరికి ఏ తేదీన ఏ కీలు వాచిందో రాసి పెట్టుకుంటూ, ఇరుగుపొరుగును అడుగుతూ పోయింది. 1975లో ఆమె, పక్క ఊరి జూడిత్ మెన్ష్ అనే మరో తల్లి, ఎవరికి వారుగా అధికారులను కదిలించారు. ఇంతమంది పిల్లలకు ఒకేచోట కీళ్ళవాతం రావడమేమిటన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్న యేల్ విశ్వవిద్యాలయంలో కీళ్ళవ్యాధుల శిక్షణలో ఉన్న అలెన్ స్టీర్ అనే యువవైద్యుని దగ్గరికి చేరింది. ఆయన లైమ్, ఓల్డ్ లైమ్, ఈస్ట్ హాడమ్ అనే మూడు ఊళ్ళలో వెతికితే 39 మంది పిల్లలు, 12 మంది పెద్దలు తేలారు. అడవి అంచున ఉన్న కొన్ని రోడ్ల మీదనైతే పదిమంది పిల్లల్లో ఒకరికి ఉంది. 1977లో ఈ వ్యాసం అచ్చయింది. రోగుల్లో నాలుగోవంతు మంది, కీళ్ళు వాచక ముందు ఒంటి మీద వలయంలా పెరిగే మచ్చ వచ్చిందని చెప్పారు.

ఆ మచ్చ కొత్తది కాదు. స్వీడన్‌లో ఆర్విడ్ అఫ్జీలియస్ అనే చర్మవైద్యుడు 1909లోనే దాన్ని వర్ణించి, పిడుదు కాటుతో ముడిపెట్టాడు. 1950ల నాటికి అక్కడ పెన్సిలిన్‌తో తగ్గిస్తున్నారు కూడా. యూరపు చర్మవైద్యులకు తెలిసిన సంగతి అమెరికా కీళ్ళవైద్యులకు చేరడానికి ఇంత కాలం పట్టింది. శాస్త్రజ్ఞానమన్నది ఒకచోట పుడితే అంతటా పాకుతుందని నాకొక భ్రమ ఉండేది. ఈ కథ చదివాక పోయింది.

పిడుదు అంటే మనకు తెలిసినదే. కుక్కలకూ పశువులకూ పట్టే పిడుదులు, గోమార్లు చిన్నప్పుడు మనలో చాలామంది ఏరినవాళ్ళమే. మన పశువుల మీది గోమారి రక్తం తాగి శనగగింజంత అవుతుంది. ఇక్కడ జబ్బు అంటించేది ఎక్కువగా పిడుదు పిల్లదశ. అది గసగసాల గింజంత ఉంటుంది. కుడితే నొప్పి తెలియదు. సాధారణంగా ఒక రోజుకు పైగా పట్టుకొని ఉంటే గాని సూక్ష్మజీవి మనిషిలోకి రాదు. ఒకప్పుడు పొలాలుగా ఉన్న న్యూ ఇంగ్లాండ్ నేల రైతులు వదిలిపోయాక మళ్ళీ అడవైంది. జింకలు తిరిగి వచ్చాయి. వాటితో పిడుదులు పెరిగాయి. జింక పిడుదును మోస్తుందే గాని జబ్బుకు నిలయం కాదు. నిలయం తెల్లకాళ్ళ ఎలుక వంటి చిన్న జీవులు. ఈ మాట చెబితే నాన్నగారు ఊరట పడ్డారు.

అసలు సూక్ష్మజీవి 1981లో దొరికింది, అదీ వేరే దాని కోసం వెతుకుతుంటే. విల్లీ బర్గ్‌డార్ఫర్ స్విట్జర్లాండ్‌లో పుట్టి మోంటానాలోని రాకీ మౌంటెన్ లాబరేటరీలో పిడుదుల మీద జీవితమంతా పని చేసిన శాస్త్రజ్ఞుడు. మచ్చలజ్వరం కోసమని న్యూయార్కు దగ్గరి షెల్టర్ ఐలండ్ నుంచి తెప్పించిన పిడుదులను కోసి చూస్తుంటే వాటి కడుపులో సన్నగా మెలికలు తిరిగిన జీవులు కనిపించాయి. స్పైరోకీట్లు. అంటే సిఫిలిస్ క్రిమికి జ్ఞాతులు. 1982 జూన్‌లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం ప్రకారం చూసిన పిడుదుల్లో 61 శాతంలో అవి ఉన్నాయి. 1984లో ఆ జీవికి ఆయన పేరే పెట్టారు: బొర్రీలియా బర్గ్‌డార్ఫరై.

ఇక్కడే రక్తపరీక్ష కథ మొదలవుతుంది. క్రిమి దొరికింది కదా, రోగి రక్తం తీసి క్రిమిని చూస్తే సరిపోదా అని నాకు తోచింది. మీకూ తోచే ఉంటుంది. సరిపోదు. ఈ జీవి రక్తంలో ఎక్కువసేపు ఉండదు, ఉన్నా చాలా తక్కువ. చర్మంలోకీ, కీళ్ళలోకీ, నరాలలోకీ పోతుంది. ప్రయోగశాలలో పెంచుదామంటే ప్రత్యేకమైన ఆహారం కావాలి, వారాలు పడుతుంది. 1983లో రోగుల నుంచి దాన్ని పట్టిన రెండు బృందాలకీ ఎందరిలోనో వెతికితే వేళ్ళ మీద లెక్కించేటంతమందిలోనే దొరికింది. కాబట్టి దొంగను పట్టే ఆశ వదులుకొని అడుగుజాడలు వెతకడం మొదలుపెట్టారు. క్రిమి వస్తే మన శరీరం దానికి ప్రతిరక్షకాలు తయారు చేస్తుంది. వాటిని కొలుద్దాం అన్నారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా లైమ్‌కు వాడుకలో ఉన్న రక్తపరీక్ష అంటే ఇదే. అది జబ్బును చూడదు, జబ్బును చూసిన శరీరం ఏమనుకున్నదో చూస్తుంది.

ఈ పద్ధతికి పెద్ద పూర్వచరిత్ర ఉంది. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ టైఫాయిడ్‌కు ఇటువంటి పరీక్షే పెట్టాడు. మన ఊళ్ళలో ఈనాటికీ ఏ జ్వరం వచ్చినా రాసే "వైడాల్" అదే. నేను చాలాకాలం అదొక మందుల కంపెనీ పేరనుకున్నాను. 1906లో బెర్లిన్‌లో వాసర్‌మన్, ఆయన సహచరులు సిఫిలిస్‌కు రక్తపరీక్ష కనుగొన్నారు. అందులోని తమాషా చెప్పకుండా ముందుకు పోలేను. సిఫిలిస్‌తో మృతశిశువులుగా పుట్టిన బిడ్డల కాలేయపు సారాన్ని వారు పరీక్షకు వాడారు. అందులో క్రిమి నిండి ఉంటుంది గనుక రోగి రక్తం దాన్ని గుర్తుపడుతుందని వారి తర్కం. త్వరలోనే తేలిందేమిటంటే ఏ జబ్బూ లేని ఎద్దు గుండె సారం వాడినా పరీక్ష పని చేస్తుంది! అంటే వారి తర్కం తప్పు, పరీక్ష మాత్రం ఒప్పు. పూర్తిగా ఒప్పు కూడా కాదు. కుష్ఠు, మలేరియా ఉన్నవారిలో కూడా సిఫిలిస్ ఉందని చెప్పేది. పోలండ్‌కు చెందిన లుడ్విక్ ఫ్లెక్ అనే బాక్టీరియా శాస్త్రవేత్త ఈ ఉదంతాన్నే తీసుకొని, శాస్త్రసత్యం ఎలా పుట్టి ఎలా పెరుగుతుందన్న విషయం మీద 1935లో ఒక పుస్తకం రాశాడు. సరిగ్గా ఆ 1935లోనే అమెరికాలో పెళ్ళికి ముందు సిఫిలిస్ రక్తపరీక్ష తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం ఏదో తెలుసా? కనెక్టికట్. నెత్తుటి కాగితం మీద పెళ్ళిళ్ళు ఆపిన ఆ చట్టాలు తరువాత ఒక్కొక్కటిగా పోయాయి. అబద్ధపు "ఉంది" వల్ల ఆగిపోయిన పెళ్ళిళ్ళెన్నో ఎవరు లెక్కపెట్టారు?

మళ్ళీ లైమ్‌కు వద్దాం. 1980లలో ప్రతి ప్రయోగశాలా తనకు తోచిన పద్ధతిలో ఈ పరీక్ష చేసింది. ఒకచోట "ఉంది" అన్న రక్తం మరొకచోట "లేదు" అనేది. క్రిమిని మొత్తంగా నలిపి పరీక్షకు వాడేవారు గనుక, సిఫిలిస్ ఉన్నా, ఇతర స్పైరోకీట్లు సోకినా, కొన్ని కీళ్ళవ్యాధులున్నా "ఉంది" అని వచ్చేది. స్టీర్ 1993లో తన క్లినిక్కుకు లైమ్ అనుమానంతో వచ్చిన 788 మందిని పరిశీలించి, వారిలో 23 శాతానికే ఆ సమయంలో లైమ్ ఉన్నదని ప్రకటించాడు. లైమ్‌ను కనుగొన్న మనిషే, లేనివారికి లైమ్ అంటగడుతున్నారని మొత్తుకోవలసి వచ్చింది.

ఈ గందరగోళం తీర్చడానికి 1994 అక్టోబరులో మిషిగన్‌లోని డియర్‌బార్న్‌లో ఒక సమావేశం జరిగింది. (ఫోర్డు కార్ల ఊరు. ఒకే అచ్చులో పోసినట్టు అన్నీ ఒకేలా ఉండాలన్న కోరిక అక్కడి గాలిలోనే ఉందేమో.) రెండంచెల పరీక్ష అక్కడ స్థిరపడింది. మొదట ఎలీసా అనే పరీక్ష. అందులో "లేదు" అని వస్తే కథ అక్కడితో సరి. "ఉంది" అనో "సందేహం" అనో వస్తే రెండవ అంచెగా వెస్టర్న్ బ్లాట్. ఈ పేరు కథ కూడా సరదాగానే ఉంటుంది: డీఎన్‌ఏను ఇలా అద్దే పద్ధతిని 1975లో కనిపెట్టినాయన ఇంటిపేరు సదరన్. ఆ దక్షిణాన్ని చూసి తరువాతి వాళ్ళు ఒకదానికి ఉత్తరమనీ ఇంకొకదానికి పడమర అనీ పేర్లు పెట్టేశారు.

వెస్టర్న్ బ్లాట్‌లో క్రిమి ప్రోటీన్లను బరువు ప్రకారం వరుసగా విడదీసి ఒక పలుచని పొర మీదికి అద్దుతారు. దాని మీద రోగి రక్తరసం పోస్తారు. ఏ ప్రోటీన్‌కు రోగిలో ప్రతిరక్షకం ఉంటే అక్కడ గీత పడుతుంది. తొలి రోజుల్లో వచ్చే ఐజీఎం జాతి ప్రతిరక్షకాలకైతే 3 గీతల్లో 2 పడాలి, అదీ జబ్బు మొదలైన నాలుగు వారాల లోపు మాత్రమే లెక్క. తరువాత వచ్చే ఐజీజీకి 10 గీతల్లో 5 పడాలి. 4 పడితే? లేనట్టే. మా నాన్నగారి భాషలో చెప్పాలంటే ముప్పై నాలుగు మార్కులు వస్తే ఫెయిలు. ఆయన ఎందరికో ఒక మార్కు కలిపి గట్టెక్కించిన మనిషి గనుక ఈ నియమం ఆయనకు ఏమాత్రం నచ్చలేదు.

నిజానికి ఆ నియమం పెట్టినవారికి కారణముంది. ఉదాహరణకు 41 అనే గీత క్రిమి తోకలాంటి భాగపు ప్రోటీన్‌ది. ఇటువంటి తోకలు ఎన్నో బాక్టీరియాలకు ఉంటాయి. ఆరోగ్యవంతుల్లోనూ ఆ గీత తరచు పడుతుంది. కనుక ఒక్క గీతను నమ్మలేరు. ఇక 31, 34 గీతలను ఆ పదిలో చేర్చలేదు. అవి క్రిమి ఒంటిపై ఉండే రెండు ప్రోటీన్లు. పిడుదు కడుపులో ఉన్నంతకాలం క్రిమి ఒక చొక్కా తొడుక్కొని ఉంటుంది. పిడుదు రక్తం తాగడం మొదలుపెట్టగానే ఆ చొక్కా విడిచి మరొకటి తొడుగుతుంది. మనిషిలోకి వచ్చేది రెండవ వేషంలో. మొదటి చొక్కాకు ప్రతిరక్షకాలు వస్తే చాలా ఆలస్యంగా వస్తాయి. ఆ మొదటి చొక్కానే ఆధారం చేసుకొని తయారైన టీకా ఒకటి 1998 డిసెంబరులో అనుమతి పొందింది. టీకా వేసుకున్న మనిషి రక్తం తాగిన పిడుదు కడుపులోనే క్రిమి చచ్చిపోతుంది. ఇంత చక్కని ఉపాయం నేను ఇంకెక్కడా చదవలేదు. 2002లో అమ్మకాలు లేక, వివాదాల మధ్య, తయారీదారే దాన్ని ఉపసంహరించుకున్నాడు. పదిలో లేని ఆ రెండు గీతలు తమ కాగితం మీద పడిన రోగులు మాత్రం తమకు అన్యాయం జరిగిందని నేటికీ అంటారు.

ఇప్పుడు నా మొదటి కాగితం సంగతి. శరీరం ప్రతిరక్షకాలు తయారు చేయడానికి వారాలు పడుతుంది. మచ్చ ఉన్న తొలి దశలో రెండంచెల పరీక్ష సగం మందికి పైగా రోగులను జారవిడుస్తుంది. ఇది దాచిన రహస్యం కాదు. మచ్చ కనిపిస్తే పరీక్ష అక్కర లేకుండానే మందివ్వాలని వైద్యసంఘాల మార్గదర్శకాలే చెబుతాయి. తమాషా ఏమిటంటే, తొందరగా మందిస్తే కొందరిలో ప్రతిరక్షకాలు ఎప్పటికీ కొలతకు అందేటంతగా పెరగవు. బాగయిన మనిషి చేతిలో తనకు జబ్బు వచ్చినట్టు రుజువు ఉండదు. అదే కీళ్ళదశకు వచ్చాక చేస్తే ఈ పరీక్ష దాదాపు తప్పదు. అంటే అవసరం ఎక్కువ ఉన్నప్పుడు తక్కువ, తక్కువ ఉన్నప్పుడు ఎక్కువ పని చేసే సాధనమిది.

ఒక ఊహాలెక్క వేసి చూడండి. అంకెలు నావి. వేసవిలో లైమ్ ప్రాంతంలో, పెరిగే మచ్చతో వెయ్యిమంది వచ్చారనుకుందాం. వారిలో 800 మందికి నిజంగా లైమ్ ఉంది. తొలి దశలో పరీక్ష 40 శాతాన్ని పట్టుకుంటుందనుకుంటే 320 మందికి "ఉంది" అని వస్తుంది. 480 మందికి "లేదు" అని వస్తుంది. జబ్బు లేని 200 మందిలో ఒక 190 మందికి సరిగానే "లేదు" వస్తుంది. మొత్తం 670 "లేదు" కాగితాల్లో 480 అబద్ధాలు! ఇప్పుడు తారుమారు చేద్దాం. పిడుదులే లేని ఊళ్ళో, ఊరికే ఒళ్ళునొప్పులని వచ్చిన వెయ్యిమందిలో 10 మందికి జబ్బుంది. వీళ్ళది ముదిరిన దశ గనుక పరీక్ష 9 మందిని పట్టుకుంటుంది. లేనివారు 990 మందిలో నూటికి ఐదుగురి చొప్పున పొరపాటు పడితే సుమారు 50 మందికి అబద్ధపు "ఉంది". 59 "ఉంది" కాగితాల్లో 50 అబద్ధాలు. పరీక్ష ఒక్కటే, అడిగిన చోటు మారింది. ఆ పెద్దావిడ ముందు పెరడు గురించి ఎందుకు అడిగిందో ఈ లెక్క వేసుకున్నాకనే నాకు బోధపడింది.

2008లో అమెరికాలో సుమారు 34 లక్షల లైమ్ పరీక్షలు జరిగాయని ఒక అంచనా. వాటిలో ఎన్ని మొదటి తరహావో ఎన్ని రెండవ తరహావో ఊహించుకోండి.

ఈ లోపాల మీదనే రెండు శిబిరాలు లేచాయి. ఒక శిబిరం: పరీక్ష "లేదు" అంటే లేదు, మీ బాధ వేరే ఏదో. మరొక శిబిరం: పరీక్షకు విలువే లేదు, మీ బాధలన్నీ లైమే, నెలల తరబడి, ఏళ్ళ తరబడి మందులు వాడాలి. కనెక్టికట్ అటార్నీ జనరల్ రిచర్డ్ బ్లూమెంతాల్ అంటువ్యాధుల వైద్యసంఘం వారి 2006 నాటి మార్గదర్శకాల మీద విచారణ జరిపాడు. 2008లో రాజీ కుదిరింది. వేరే నిపుణుల బృందం మళ్ళీ పరిశీలించి 2010లో ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. కొన్ని ప్రయోగశాలలు సొంత కొలమానాలతో సొంత పరీక్షలు అమ్మడం మొదలుపెడితే ప్రభుత్వ వ్యాధినియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, 2005లోనే జాగ్రత్త అని హెచ్చరించింది. 2013లో వర్జీనియా రాష్ట్రం మరీ ముందుకు పోయి, పరీక్షలో "లేదు" అని వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదని రోగికి రాతపూర్వకంగా చెప్పాలని చట్టమే చేసింది. ప్రయోగశాల కాగితం మీద నమ్మకం పెట్టవద్దని మరో కాగితం ఇవ్వమన్న చట్టం!

నాకు రెండు శిబిరాల మీదా కోపమే ఉంది. మొదటి శిబిరం పాలీ మరేకు 1960లలో జరిగినదాన్నే మళ్ళీ జరిపిస్తోంది: కొలతకు అందని బాధ బాధే కాదనడం. రెండవ శిబిరం తప్పు మరింత లోతైనది. పరీక్ష బలహీనతను చూపించి, అసలు రుజువే అక్కరలేదన్న చోటికి పోయింది. దీర్ఘకాలపు ఆంటిబయాటిక్కుల వల్ల ఉత్తుత్తి మాత్రల కన్న ఎక్కువ మేలు లేదని 2001లో అచ్చయిన ప్రయోగాలు చూపించాయి. అయినా మందులు పడిన తరువాత కూడా నెలల తరబడి నీరసంతో, నొప్పులతో ఉండేవారున్నారన్నది నిజం. వారి విషయంలో ఈ రక్తపరీక్ష నోరు మెదపదు.

ఎందుకు మెదపదన్నది మూడవ కాగితం కథ. 2007లో నాన్నగారికి డాక్సీసైక్లిన్ ఇచ్చారు. రెండు నెలల్లో ముఖం సర్దుకుంది. కన్ను మూతపడేదాకా అమ్మ రాత్రిళ్ళు మందుచుక్కలు వేసి పట్టీ అంటించేది. 2010లో మళ్ళీ వచ్చినప్పుడు మోకాలు నొప్పి అన్నారు. వేరే క్లినిక్కులో, వేరే డాక్టరు, పాత కథ విని వెంటనే రక్తపరీక్ష రాశాడు. "ఉంది" అని వచ్చింది. నెల రోజుల మందు, అవసరమైతే నరం గుండా, అన్నాడు. నేను మందుల షాపు దాకా వెళ్ళాను కూడా. అప్పటికే చదివిన ఒక వ్యాసం గుర్తుకొచ్చి ఆగాను: లైమ్ వచ్చి తగ్గిపోయినవారిలో పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు కూడా ప్రతిరక్షకాలు ఉండటం గమనించారని 2001లో వచ్చింది. అప్పుడు వచ్చిన దొంగ అడుగుజాడలే ఇవి. దొంగ ఇంట్లో ఉన్నాడనడానికి గుర్తు కాదు. మళ్ళీ ఆ పెద్దావిడ దగ్గరికే వెళితే ఎక్స్‌రే తీయించింది. డెబ్బై ఏళ్ళ మోకాలు, అరిగిపోయిన గుజ్జు. అంతే.

2019 జూలైలో అమెరికా ప్రభుత్వం కొత్త రెండంచెల పద్ధతికి అనుమతి ఇచ్చింది. వెస్టర్న్ బ్లాట్ గీతలు లెక్కపెట్టే పని లేకుండా రెండు అంచెల్లోనూ ఎలీసా తరహా పరీక్షలే. తొలి దశలో కొంత ఎక్కువమందిని పట్టుకుంటుంది. చదవడంలో మనిషి పొరపాటూ తగ్గుతుంది. కాని అదీ ప్రతిరక్షకాలనే చూస్తుంది గనుక మొదటి వారపు గుడ్డితనం, తరువాతి ఏళ్ళ జ్ఞాపకం రెండూ దానికీ ఉన్నాయి. లెక్కల తమాషా ఇంకొకటి: లైమ్ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ప్రయోగశాల కాగితం ఒక్కటి ఉంటే చాలు, కేసుగా లెక్కించవచ్చని 2022లో నియమం మార్చారు. ఆ ఏడాది లెక్కకు వచ్చినవి 62,551. అంతకు ముందు 2017-2019 సగటుకు 1.7 రెట్లు. పిడుదులకు ఈ నియమం సంగతి తెలియదు.

నాన్నగారు ఆ తరువాత మళ్ళీ అమెరికా రాలేదు. 2012లో తెనాలిలో ఆయనకు జ్వరం వచ్చింది. అక్కడి డాక్టరు వైడాల్ రాస్తే రిపోర్టు 1:160 అని వచ్చింది, టైఫాయిడ్ అన్నారు. ఈ సంగతి అమ్మ ఫోనులో చెప్పింది. రిపోర్టు తెచ్చిన ల్యాబు కుర్రవాడిని నాన్నగారు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "బాబూ, నాకు 1968లో టైఫాయిడ్ వచ్చింది. బడిలో టీకాలు కూడా వేయించుకున్నాను. ఈ అంకె ఇప్పటి జ్వరానిదా, అప్పటి జ్వరానిదా?" అని అడిగారట. ఆ కుర్రవాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "రిపోర్టులో అది రాదండి మాస్టారూ" అన్నాడట.